దొరువు చుట్టూ వలస

నల్లకోటు కొత్తగా కుట్టించుకున్న ఆ రోజుల్లో, లోకంలో నాకు తెలియని విషయం ఒకటి ఉంటుందన్న అనుమానమే నాకు ఉండేది కాదు. నెల్లూరులో ఒక పెద్ద ప్లీడరు గారి దగ్గర జూనియర్‌గా చేరాను. వాయిదా అడగడం, అడిగిన వాయిదా దొరికితే కేసు గెలిచినంత సంబరంగా బయటికి రావడం, ఈ రెండూ త్వరగానే వంటబట్టాయి. సెలవు రోజుల్లో మా ఊరికి పోయినప్పుడు, బస్సు దిగి టీ అంగడి ముందుకు రాగానే నడక కాస్త నెమ్మది చేసేదాన్ని, చూసేవాళ్ళు తీరిగ్గా చూసుకోవాలి గదా అని. (ఎవరూ చూసేవారు కారు. ఆ సంగతి చాలా ఏళ్ళకు గానీ నాకు తెలియలేదు.) ఇంతటి తెలివిగలదాన్ని మా తాత నమ్మడంలో ఆయన తప్పేమీ లేదు.

మా ఊరు కృష్ణపట్నానికీ సూళ్లూరుపేటకూ మధ్యన, ఉప్పుగాలికి తలుపుల బందులు తుప్పుపట్టిపోయే చోట ఉంది. అందులో మా వీధిని 'వచ్చినోళ్ళ వీధి' అంటారు. ఎప్పుడొచ్చామో, ఎక్కణ్ణించి వచ్చామో అనేవాళ్ళకూ తెలియదు, అనిపించుకునేవాళ్ళకూ తెలియదు. మా తాత మిషన్ బడిలో హెడ్‌మాస్టరుగా చేసి, ఊళ్ళో సగం మందికి అక్షరాలు నేర్పినవాడు, చర్చి సంఘంలో పెద్ద. అయినా చిన్నప్పుడు ఎవరింటి పిల్లోడివిరా అని ఎవరన్నా అడిగితే, పక్కనున్నవాళ్ళు వచ్చినోళ్ళ పిల్లోడని జవాబు చెప్పేవారట. ముసలితనంలోనూ అది తప్పలేదు. ఆయనతో ఒకే బెంచీ మీద చదువుకున్న మునసబు మామ (మునసబు గిరీ వాళ్ళ నాయనతోనే పోయింది, పేరు మాత్రం పోలేదు) రోజూ టీ అంగడి దగ్గర, "ఏం మేష్టరూ, మీ వాళ్ళని ఏ ఊరోళ్ళు తరిమితే ఈడికొచ్చినారు, తేలిందా?" అని అడిగేవాడు. అందరూ నవ్వేవారు. తాత కూడా నవ్వేవాడు. ఇంటికొచ్చాక మాత్రం అన్నం ముందు నుంచి సగంలోనే లేచిపోయేవాడు.

దానికి తాత కనిపెట్టిన మందు ముల్లె తాత కథ. ముల్లె తాత అంటే మా తాతకు ముత్తాత. జమీనుకూ సర్కారుకూ హద్దు తెగని కాలంలో, భుజాన ముల్లె, బండి మీద పిల్లలతో ఊరు వెంబడి ఊరు తిరిగాడని మా ఇంట్లో చెప్పుకునేవారు. బైబిలు వాక్యంలో పితరులు గుడారాలు వేసుకుంటూ పోయినట్టే దేవుడు చూపించిన నేల కోసం ఆయనా పోయాడని తాత ప్రసంగం. కావలి అవతల ఎక్కడో బయల్దేరి, వరదలో ఉన్న పెన్నను ఎద్దు తోక పట్టుకుని దాటి వచ్చాడట. చెప్పిన ప్రతిసారీ పెన్నలో నీళ్ళు ఇంకొంచెం పెరిగేవి. అవును, వచ్చినవాళ్ళమే, అయితే ఎంత దూరం నుంచి ఎంత ఠీవిగా వచ్చామో చూడండి అన్నది తాత వాదన. మా చర్చికి నూరేళ్ళు నిండబోతుంటే, ఆ పండగలో ముల్లె తాత నడిచిన దారంతా బంధువులందరినీ బస్సులో తిప్పి, ఆయన మజిలీ చేసిన చోటల్లా ప్రార్థన చేయించి, ఆఖరున మునసబు మామ ముందర ఆ చరిత్ర చదవాలని తాత నిర్ణయించుకున్నాడు. చరిత్ర తవ్వుకొచ్చే పని నాకు అప్పగించాడు. "నువ్వు కోర్టు మనిషివి గదమ్మా. కాగితం తెచ్చి పెట్టు. నేను పోయేలోగా ఒక్కసారి కాగితం పట్టుకుని మాట్లాడాల," అన్నాడు.

నేను రికార్డు గది మీద దండయాత్ర చేశాను. ముక్కుకు చున్నీ కట్టుకుని, భూములు కొలిచి రాసిన పైమాషీ లెక్కలు, పాత తీర్పులు, సాక్షుల వాంగ్మూలాలు తిరగేసి, నకళ్ళకు అర్జీలు పెట్టి, ఆ గదిలో ఉన్నవాళ్ళందరూ నన్ను చూడగానే భోజనానికి లేచిపోయేంత పేరు తెచ్చుకున్నాను. ముల్లె తాత దొరికాడు. దొరకడమంటే మామూలుగా కాదు, ఎక్కడ చూసినా ఆయనే. ఒక దావాలో ఫలానా పాళెం కాపురస్థుడు. రెండేళ్ళు తిరక్కముందే ఇంకో దావాలో ఫలానా తిప్ప కాపురస్థుడు. ఆ తర్వాత ఒక కుప్పం, దాని వెనక ఒక దిబ్బ, మళ్ళీ పాళెం. ప్రతి దావాలోనూ ఆయన ప్రతివాదే. (తాతకు ఈ ముక్క చెప్పలేదు. పితరులకు కూడా కష్టాలు వచ్చాయి గదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.) జిల్లా మ్యాపు కొని ఆ పేర్లు వెతికితే, దిబ్బ కావలి పక్కన కనపడింది, పాళెం కృష్ణపట్నం అవతల, కుప్పం సూళ్లూరుపేట దాపున. మన జిల్లాలో రాయి విసిరితే ఏదో ఒక పాళెంలోనో కుప్పంలోనో పడుతుందన్న ఆలోచన నాకు రాలేదు. ఎర్ర స్కెచ్ పెన్నుతో ఊరూరూ కలిపి గీతలు గీశాను. చూస్తే పిచ్చి పట్టినవాడు తిరిగినట్టుంది గానీ, తాతకు మాత్రం కళ్ళు చెమర్చాయి. ఆ మ్యాపును లామినేషన్ చేయించి నడవలో తగిలించాడు.

పోర్టులో సూపర్‌వైజరు పని చేసే మా చిన్నాన్న, కాంట్రాక్టరును బతిమాలి శనివారానికి కూలీల బస్సు ఒకటి ఇప్పించుకున్నాడు. గూడూరు నుంచి, కావలి నుంచి చుట్టాలు దిగారు. మునసబు మామను తాత తనే వెళ్ళి పిలిచి వచ్చాడు.

ముందురోజు మధ్యాహ్నం ఆఫీసులో నా పరిశోధన గురించి సీనియర్ గారి ముందు గొప్పలు పోతున్నాను. ఆయన ఫైలులోంచి తల ఎత్తకుండా, "చెక్కుబందీలు చూసినావామ్మా?" అని అడిగారు. చెక్కుబందీ అంటే దస్తావేజు అడుగున తూర్పు ఏమిటి, పడమర ఏమిటి అని హద్దులు రాసే ముక్క. నిజానికి చదువుతుంటే నిద్ర వచ్చే భాగం. నేను ప్రతి కాగితంలోనూ పైన కాపురస్థుడన్న మాట చూసి సంబరపడి, అడుగు దాకా పోకుండానే మడత పెట్టాను. ఆ మాట ఆయనతో అనకుండా, చూశానండీ అని చెప్పి, నా బల్ల దగ్గరికి వచ్చి అప్పుడు చూశాను.

పాళెంలో ఇంటికి ఉత్తరం: పాత దొరువు. తిప్ప మీది ఇంటికి దక్షిణం: పాత దొరువు. కుప్పంలో గుడిసెకు తూర్పు: పాత దొరువు. దిబ్బ మీది దానికి పడమర ఏముందో చూసే ధైర్యం లేక కాసేపు ఆగి చూశాను. అదే. దొరువంటే మా ఇసక నేలల్లో తవ్వుకునే నీళ్ళ గుంట. పాత దొరువు మా వీధి చివర, చర్చి వెనకాల ఉంది. చిన్నప్పుడు మేమంతా అందులో కాళ్ళు కడుక్కున్నవాళ్ళమే. దాని గట్టు మీదే జమీను, సర్కారు, ఉప్పు పండించే కొటారు, మూడింటి హద్దులూ కలిసేవి. జమీను వాళ్ళు ఖాళీ చెయ్యమని దావా వేస్తే, మా ముల్లె తాత రాత్రికి రాత్రి తాటాకు గుడిసె ఊడబెరికి సర్కారు తిప్ప మీద వేసుకుని, నేను జమీనులో లేనే లేనని జవాబు దాఖలు చేసేవాడు. సర్కారు వాళ్ళు వస్తే కొటారు కుప్పంలోకి, కొటారు అమీను వస్తే మళ్ళీ జమీను పాళెంలోకి. సమన్లన్నీ ప్రతివాది గ్రామంలో లేడని వెనక్కి పోయేవి. ఆ జాగాల పేర్లు జమీనుతో, కొటారుతో పాటే చెరిగిపోయాయి. నేను ఎర్ర పెన్నుతో జిల్లా అంతా తిప్పిన మనిషి, ఒక గుంట చుట్టూ ప్రదక్షిణం చేశాడు. దాటిన పెన్న కూడా అదే అయి ఉండాలి.

అన్ని ఆలోచనలూ వచ్చాయి. నకళ్ళు బస్సులో పోయాయని చెబుదామా, జ్వరమని నెల్లూరులోనే పడుకుందామా, ఎవరికీ చెప్పకుండా కావలి పక్కన ఏదో దిబ్బ దగ్గర ప్రార్థన చేయించి, పులిహోర పెట్టి పంపిద్దామా అని. ఆఖరిది చాలాసేపు నచ్చింది. కానీ తాత కాగితం పట్టుకుని మాట్లాడాలన్నాడు, ఆ కాగితం ఏ వంకర ప్లీడరు చేతిలో పడ్డా మునసబు మామ చచ్చేదాకా నవ్వుతాడు. అందుకని శనివారం పొద్దున్నే, బస్సు వీధిలో ఉరుముతుంటే, చుట్టాలు కిటికీ సీట్ల కోసం కొట్లాడుకుంటుంటే, తాతను నడవలోకి పిలిచి, ఆ లామినేషన్ మ్యాపు కిందే నిలబడి మొత్తం చెప్పేశాను.

తాత కళ్ళజోడు పెట్టుకుని నాలుగు చెక్కుబందీలూ చదివాడు. తర్వాత ఒక తీర్పులో ఎత్తిరాసిన ముల్లె తాత వాంగ్మూలం చదివాడు. నేను ఆయన మొహం చూడలేక గోడ వైపు తిరిగాను. కాగితాలు మడిచి చేత్తో పట్టుకుని పోయి బస్సెక్కాడు. నేనూ వెనకే ఎక్కాను. "ముందు కావలికేనా సార్?" అని డ్రైవరు అడిగాడు.

"కావలి వద్దు నాయనా. పాత దొరువు కాడికి పోనీ."

"అది యాడుంది సార్?"

"అదో, ఆ కనపడతా ఉండేది."

డ్రైవరు ఆయన వైపు చూశాడు, దొరువు వైపు చూశాడు, గేరు వేశాడు. వెనక సీట్లలో వాళ్ళు ఇంకా సంచులు పైన సర్దుతున్నారు, బస్సు ఆగింది. ఏదో మరిచిపోయి ఆపారనుకుని కావలి అత్త ఒకామె దిగనే దిగలేదు. తాత అందరినీ దింపి, తాటిమట్టతో ఇసకలో చూపిస్తూ, ఇది పాళెం, ఇది తిప్ప, ఇది కుప్పం, అది దిబ్బ అని దొరువు చుట్టూ తిప్పాడు. ప్రతి చోటా పాస్టరు గారు ప్రార్థన చేశారు. మొదటి చోట ఆయన సుదీర్ఘమైన ప్రయాణాల్లో కాపాడిన దేవునికి స్తోత్రం చెప్పారు, మూడో చోటికి వచ్చేసరికి ప్రయాణాల ఊసు మానేశారు. మొత్తం యాత్ర పిల్లకాయలకు ఆకలి వేసేలోగా అయిపోయింది. చిన్నాన్న నా పక్కకు వచ్చి, దీనికి బస్సెందుకే అని పళ్ళు నూరాడు. డ్రైవరు మాత్రం నిజంగానే బెంగపడి, ట్రిప్పు షీట్లో ఏం రాయాలని వచ్చినవాళ్ళనల్లా అడుగుతున్నాడు.

మునసబు మామ గట్టు మీద కూర్చుని, నవ్వు ఆపుకోలేక దగ్గుతున్నాడు. "ఏం మేష్టరూ, ఇదేనా మీ తాత నడిచిన దేశం?" అన్నాడు. అప్పుడు తాత వాంగ్మూలం విప్పి, బడిలో పాఠం చదివినట్టు గట్టిగా చదివాడు: 'ఈ దొరువు నా పడుచుతనమందు నేను తవ్వినది. ఉప్పు నేలలో తీపి నీళ్ళు ఇక్కడ మాత్రమే పడినవి. నా బిడ్డలు ఈ నీళ్ళే తాగుచున్నారు. గుడిసె ఎక్కడికి జరపమంటే అక్కడికి జరుపుతాను గాని, ఈ నీళ్ళు వదిలి పోను.'

చదివి, కాగితం మడిచాడు. "ఇన్నాళ్ళూ మనం యాడినించో వచ్చినామనుకున్యా," అన్నాడు మా వైపు తిరిగి. "యాడినించీ రాలా. పొమ్మన్నారు, మనం పోలా. ఈణ్ణే ఉండినాం." కావలి అత్త అప్పటికి బస్సు దిగి వచ్చింది. ఆమెతో సహా ఏడవనివాళ్ళు లేరు. మునసబు మామ నవ్వడం మానేశాడు.

సరిగ్గా ఆ క్షణం కోసమే నేను ఇంకో కాగితం దాచి ఉంచాను. చెక్కుబందీలు చూసిన మధ్యాహ్నమే అదీ దొరికింది. జమీను తరఫున సమన్లు తెచ్చిన బంట్రోతు సాక్ష్యం: 'నేను నిరుడే ఒంగోలు పక్కనుంచి వచ్చి కొలువులో చేరినవాడను, ఈ ఊరి హద్దులు నాకు తెలియవు.' ఆ బంట్రోతు పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు, అన్నీ మునసబు మామ ఇంట్లో గోడ మీద వాళ్ళ పూర్వీకుడి పటం కింద రాసి ఉన్నవే. వచ్చినవాళ్ళు వాళ్ళు! సంచిలోంచి ఆ కాగితం లాగాను. తాత చేతిలో పెట్టి, ఇది కూడా చదువు తాతా అని చెవిలో చెప్పాను.

తాత చదువుకున్నాడు. గట్టు మీద పులిహోర పొట్లం విప్పుతున్న మునసబు మామ వైపు ఒకసారి చూశాడు. కాగితం నాలుగు మడతలు పెట్టి చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు.

"చదవ్వా?"

"చదవనమ్మా. వచ్చినోడా అని పిలిస్తే లోపల ఎట్టుంటాదో నాకు తెలుసు. ఈ వయసులో ఆయనకెందుకు తెలియాల?"

నాకు ఎంత కోపం వచ్చిందంటే, వచ్చిన బస్సు ఊరికే పోకూడదని అందరూ సముద్రానికి పోతే, నేను నీళ్ళలో దిగకుండా ఇసకలో మొహం మాడ్చుకుని కూర్చున్నాను. గెలిచే కాగితం చేతిలో పెట్టుకుని దాఖలు చెయ్యని కక్షిదారును నేను అప్పటిదాకా చూడలేదు. తాతా మునసబు మామా మాత్రం పంచెలు పైకి మడుచుకుని, మోకాళ్ళ లోతు నీళ్ళలో పక్కపక్కనే నిలబడి, ఎప్పటిదో బడి గొడవ ఒకటి తవ్వుకుని వాదించుకుంటున్నారు.

తాత పోయి చాలా కాలమైంది. సమాధుల దొడ్డికి తీసుకుపోతుంటే, కొత్తగా బదిలీ మీద వచ్చిన పాస్టరు గారు ఈయనది ఏ ఊరండీ అని అడిగారు. మునసబు మామ పాడె వదలకుండానే, "ఈ ఊరే సామీ, ఈణ్ణే," అన్నాడు. ఆ చొక్కా జేబులో కాగితం ఏమైందో ఎవరికీ తెలియదు. నేను లాయరును కాబట్టి ఇంకో నకలు తీసి పెట్టుకున్నాను, ఇప్పటికీ బీరువాలో ఉంది. మునసబు మామ మనవడు మొన్న ఏదో హద్దు తగాదా అని నా ఆఫీసుకు వచ్చి, "మేమూ మీరూ మొదటినించీ ఈణ్ణే ఉండినోళ్ళం గదక్కా," అన్నాడు. ఆ రోజు ఇసకలో కూర్చున్న పిల్ల అయితే వెంటనే లేచి బీరువా తీసి ఉండేది. నేను అవునబ్బయ్యా అని, అతనికి టీ చెప్పాను.