అంబులెన్సుకి కనపడని చెయ్యి

పెళ్లయిన కొత్తలో, కలిదిండి దగ్గర మా చేపల చెరువు గట్టు మీద మావయ్యగారు గుండె పట్టుకుని కూలబడ్డారు. అక్కడ మేమిద్దరమే ఉన్నాం. అంబులెన్సుకి ఫోన్ చేస్తే డ్రైవరు దారి అడిగాడు.

"ఇలా వచ్చి ఇటు తిరగండి. అటు కాదండీ, ఇటు!" అంటూ చెయ్యి ఊపేస్తున్నాను.

"ఎటండీ? ఎటు చూసినా చెరువులేనండీ!" అన్నాడతను.

ఏడుపొచ్చేసింది. చెయ్యి ఇంకా జోరుగా ఊపాను.

మావయ్యగారు ఆ చెయ్యి పట్టుకుని ఆపారు. "ఆయనకి నీ చెయ్యి కనపడదమ్మా," అన్నారు నీరసంగా.

అప్పటికిగానీ గుర్తులు చెప్పాలని నాకు తట్టలేదు. "మేత షెడ్డు దాటాక ఎడంవైపు రెండో గట్టండీ!"

బండి వచ్చింది. ఆయన మాకు దక్కారు.

ఇప్పటికీ ఫోన్లో దారి చెబుతుంటే నా చెయ్యి దానంతటదే లేస్తుంది. పక్కనే ఉంటే మావయ్యగారు పట్టుకోమని తన చెయ్యి చాపుతారు.