టేపు మార్చేసి వస్తాను

మా నార మిల్లు ఆఫీసులో కంప్యూటర్ల గదికి కిటికీ లేదు. ఎండైనా వానైనా తలుపు బయటే, లోపల ఏసీ చలి ఒక్కటే. ఆ గదిలో ఓ మూల నల్లటి టేపు డ్రైవు ఉంటుంది. మిల్లు లెక్కలన్నీ రోజూ సాయంత్రం దానిలోని టేపు మీదికి నకలు అవుతాయి. తర్వాత ఆ టేపు బయటకు తీసి, ఇంకోటి పెట్టి, తీసినదాన్ని గేటు పక్క గదిలోని ఇనప బీరువాలో దాచాలి. నెట్టులో వచ్చే వైరస్ బీరువాలో టేపుని ముట్టుకోలేదు కదా, అందుకని. పని చిన్నదే, కానీ మనిషి చేత్తో చెయ్యాలి. ఆ మనిషిని నేను.

మిల్లు విజయనగరంలో ఉంది, నా ఇల్లు ఇక్కడ కాదు. మా ఆయనకి పాతపట్నంలో ఎరువుల కొట్టు. నాలుగేళ్ళ పిల్ల అక్కడే మా అత్త దగ్గర పెరుగుతోంది. నేనిక్కడ హాస్టల్లో ఉంటూ ఆదివారాలు వెళ్ళొస్తాను. పాతపట్నంలో మా మిల్లుకి నార కొనే కేంద్రం ఒకటుంది. అక్కడ గుమస్తా పోస్టు ఖాళీ అయిందని తెలిసిన రోజే అర్జీ పెట్టాను.

మేనేజరుగారు మంచాయన, అదే తంటా. తిట్టేవాడైతే ఎదురు తిరగొచ్చు.

"నువ్వెల్లిపోతే టేపెవులు మారుస్తారమ్మా? ఎవులికైనా నేర్పీసి ఎల్లు," అన్నారు.

నేర్పబోతే ఒక్కొక్కరూ జారుకున్నారు. ఒకడికి ఏసీ పడదు. ఇంకొకడికి ఆ పెట్టె చేసే చప్పుడంటే భయం. నెలలు గడిచాయి. పిల్ల రోజూ ఫోనులో, "ఎప్పుడొస్తావమ్మా?" అనేది. "టేపు మార్సీసి వస్తాను," అనేదాన్ని. ఆ మాట అన్నప్పుడల్లా నా మీద నాకే రోత పుట్టేది.

దసరాకి సెలవు పెట్టి ఇంటికెళ్ళాను. ఆయుధ పూజకి మా మిల్లులో ప్రతి మిషనుకీ పసుపు, కుంకుమ పెడతారు. టేపు డ్రైవుకి మాత్రం నేను స్టిక్కరు బొట్టు అంటిస్తాను, పొడి లోపలికి పోకూడదని. ఈసారి నేను లేను. ఆఫీసు ఊడ్చే ఆమెని అందరం అప్ప అంటాం, ఆమెది సముద్రపొడ్డున భావనపాడు. మొగుడు సముద్రంలో పోయాక ఈ జీతం మీదే బతుకుతోంది. జాలర్లు పడవ ముక్కుకి పెట్టినట్టే డ్రైవు నోటి దగ్గర తడి పసుపు రాసి, దాని మీద కుంకుమ దండిగా అద్దేసింది.

నేను తిరిగొచ్చేసరికి ఆ పొడి లోపలికి పోయి టేపు ఇరుక్కుపోయి ఉంది. మీట నొక్కినా రాదు. ఎర్ర దీపం వెలుగుతోంది.

మొదట నాకు కలిగింది సంతోషం. దాచుకోను. ఈ డ్రైవు చస్తే కొత్తది కొనేది లేదనీ, నెట్టులో దాచే పద్ధతికి మారిపోతామనీ మేనేజరుగారు ఎప్పటినుంచో అంటున్నారు. టేపులు లేకపోతే నన్నిక్కడ ఆపే పనే లేదు. మా ఆయనకి ఫోను చేశాను.

"పీడ పోనాది. దాని జోలికెల్లకు, వచ్చీ," అన్నాడు.

ఫోను పెట్టేసి చూస్తే అప్ప గుమ్మంలో నిలబడి ఉంది, కొంగు నోట్లో కుక్కుకుని.

"పడవకెట్టినట్టే ఎట్టినానమ్మా. సల్లగా ఉంటాదనుకున్నాను. పాడు సేసినోల్లని పన్లోంచి తీసెస్తారంట, నిజమేనా?"

నిజమే. ఎవరు చేశారో కనుక్కోమని మేనేజరుగారు పొద్దున్నే చెప్పి ఉన్నారు.

తర్వాత కోపం వచ్చింది. అప్ప మీద, ఆ పెట్టె మీద, ఇంత పెద్ద మిల్లులో ఇంకో మనిషి దొరకనందుకు అందరి మీదా. ఆ కోపంతోనే స్క్రూలు విప్పాను. మెత్తటి బ్రష్షుతో కుంకుమ దులిపి, లోపలి పళ్ళచక్రాన్ని వేలితో వెనక్కి తిప్పుతూ టేపుని కొంచెం కొంచెంగా చుట్టాను. మధ్యాహ్నం దాటాక బయటికొచ్చింది. శుభ్రం చేసే క్యాసెట్టు పెట్టి తిప్పితే ఎర్ర దీపం ఆరిపోయింది. అప్ప కుంకుమంటిన నా చేతులు పట్టుకుని కళ్ళకద్దుకుంది.

మేనేజరుగారు వచ్చి చూసి మురిసిపోయారు. ఎవరు చేశారన్న మాటే ఎత్తలేదు.

"సూసినావా, నువ్వు నేకపోతే ఏటైపోదుమమ్మా? అందుకే నిన్ను వదల్నంటన్నాను."

పాతపట్నం పోస్టుకి ఇంకెవరినైనా చూడమని నా ఎదురుగానే ఫోనులో చెప్పారు.

సాయంత్రం టేపు బీరువాలో పెట్టి ఇంటికి ఫోను చేశాను. ఎప్పుడొస్తావని అడుగుతుంది, ఈసారి ఏం చెప్పాలా అని గుండె దిటవు చేసుకున్నాను. పిల్ల ఆ మాట అడగలేదు.

"టేపు మార్సినావా అమ్మా?" అంది.

మార్చానన్నాను. సరేనని ఫోను నాయనమ్మకిచ్చేసి ఆడుకోడానికి పోయింది.