చెయ్యి పెట్టొద్దన్న ఫోల్డరు

మొన్న ల్యాప్‌టాప్ తెరవగానే, డిస్కు నిండిపోయిందనీ, పాత విండోస్ ఫైళ్లు తీసేస్తే చోటు వస్తుందనీ, తీసెయ్యమంటారా అనీ అడిగింది. ఒక్క నొక్కుతో పోయే పనే, కానీ నా వేలు ముందుకు కదల్లేదు. మూత వేసేసి వెళ్లి వరండాలో కూర్చున్నాను.

నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో ఇంట్లో కంప్యూటరుకు నెలకో జబ్బు, దేనికైనా సీ డ్రైవ్ ఫార్మాట్ చేసి, అంటే అందులోవన్నీ తుడిచేసి, విండోస్ మళ్లీ ఎక్కించడమే మందు. మా దర్శిలో దుమ్ముకు విండోస్ సీడీలు గీతలు పడి మొరాయిస్తున్నాయని, నేను సెటప్ ఫైళ్లన్నీ డీ డ్రైవ్‌లో ఒక ఫోల్డరులోకి కాపీ చేసుకుని, అందులో ఎవరైనా చెయ్యి పెడితే కంప్యూటరు చస్తుందని ఇంట్లోవాళ్లను బెదిరించాను. లెక్కల మాస్టారిని కదా, బెదిరించడం నాకు వెన్నతో పెట్టిన విద్య.

మా పాప తొమ్మిదో ఏట విషజ్వరంతో పోయింది. దానికి ముందు వేసవిలో వాళ్లమ్మ కంప్యూటరుకు మైకు పెట్టి దాని చేత పద్యాలూ, పన్నెండో ఎక్కమూ చెప్పించి రికార్డు చేసింది. ఆ గొంతు ఇంకెక్కడా లేదు. నేను ఫార్మాట్ మొదలుపెట్టిన ప్రతిసారీ మా ఆవిడ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చునేదట. ఆమె పుట్టింట్లో ఉంగరాలూ, చెవిదిద్దులూ మిరప విత్తనాల కుండలో దాచేవారు, నారు పోసేదాకా ఆ కుండలో ఎవరూ చెయ్యి పెట్టరు గనక. ఆ అలవాటు చొప్పునే, నాకు చెప్పకుండా, పాప గొంతును తెచ్చి నా ఫోల్డరులో దాచింది.

ఇంతలో కొత్త విండోస్ వచ్చింది. దాని ఫైళ్లకు చోటు చాలక, పాత ఫోల్డరును విప్పయినా చూడకుండా, మళ్లీ తెచ్చుకునే వీల్లేకుండా షిఫ్టు నొక్కి మరీ డిలీట్ చేశాను. నిజంగానే తీసెయ్యాలా అని అది అడిగింది కూడా. ఆ చోటులో కొత్తవి ఎక్కించి, ఘనకార్యం చేసినట్టు కాఫీ అడిగాను.

పాప పుట్టినరోజున ఆ గొంతు విందామని మా ఆవిడ ఫోల్డరు కోసం వెతుక్కుంది, అప్పుడే నాకు సంగతి తెలిసింది. గుంటూరులో కంప్యూటరు షాపతను డిస్కు రెండు రోజులు ఉంచుకుని, "పాతవాటి మీదే కొత్తవి ఎక్కించేశారు సార్, ఇంక రావండీ" అన్నాడు. ఇంటికొచ్చి ఆ మాట చెప్పాను. తిట్టినా బాగుండేది.

"మీరే కదండీ, అందులో చెయ్యి పెట్టొద్దన్నారు" అంది, అంతే. ఆ తరువాత ఆమె కంప్యూటరు ముందు కూర్చోలేదు.

ఇప్పుడు సెటప్ ఫైళ్లు ఎవరూ దాచుకోవడం లేదు, అవే నెట్లోంచి దిగి అవే ఎక్కుతున్నాయి. మిరప విత్తనాలూ కొట్లో ప్యాకెట్లుగా కొంటున్నారు, కుండలు అటకెక్కాయి. ఎవరూ చెయ్యి పెట్టని చోటంటూ ఇంట్లో లేకుండా పోయింది. వరండాలోంచి లేచి వచ్చి, ల్యాప్‌టాప్ అడిగినదానికి నేను వద్దనే చెప్పాను, అందులో పాప లేదని తెలిసి కూడా. ఈమధ్య ఎంత తలుచుకున్నా పన్నెండో ఎక్కం వస్తోంది గాని పాప గొంతు రావడం లేదు. మా ఆవిడకైనా గుర్తుందో లేదో అడిగే మొహం నాకు లేదు.