వార్డులో గోండి మాట్లాడిన మనిషి

లచ్చుబాయి గారు ఇక లేరన్న వార్త, అమీర్‌పేట మెట్రో స్టేషన్‌లో రైలు మారుతుండగా నాకు చేరింది. పొద్దున టీ పెట్టుకుంటూ కుప్పకూలారట. ఆసుపత్రికి చేర్చేలోపే ప్రాణం పోయిందట. ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని ఆ జనప్రవాహంలో నిశ్చేష్టురాలినై నిలబడిపోయాను. నాకు దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది. అది ఇంకా చల్లారలేదు.

ఆమె ఉట్నూరు వైపు గోండు గూడెంలో పుట్టారు. సోషల్ వర్క్ చదివారు. పంజగుట్టలోని పెద్దాసుపత్రికి వైద్యం కోసం వచ్చే ఆదివాసీ కుటుంబాలకు తోడుగా, అమీర్‌పేట హాస్టళ్ల సందులో ఒక ఆశ్రయం నడిపారు. కాకినాడ నుంచి వచ్చిన నేను అక్కడే కౌన్సెలర్‌గా చేరాను. తమ భాష, తిండి, మొక్కు, మర్యాద, వీటిలో దేన్నీ ఎవరూ గుమ్మం బయట విడిచి రానక్కర్లేని చోటు అది. నగరపు హోరుకు బెదిరిపోయి వచ్చిన ముసలమ్మలు ఆమె వండిన జొన్నగటక తిని, ఆమెతో గోండిలో కబుర్లాడి, అప్పుడు నిద్రపోయేవారు.

ఒకసారి ఓ చిన్నపాపకు గుండె ఆపరేషన్ నిర్ణయమైంది. తీరా ఆ రోజు తల్లి పాపను వాటేసుకుని ఎవర్నీ దగ్గరకు రానివ్వలేదు.

"ఎంత చెప్పినా వినట్లేదు. ఒప్పుకోలేదని రాసేయండి" అన్నారు డాక్టరు గారు విసుగ్గా.

లచ్చుబాయి గారు ఆ తల్లి పక్కన నేలమీద కూర్చుని చాలాసేపు గోండిలో మాట్లాడారు. తర్వాత లేచి వచ్చారు.

"సార్, ఆపరేషన్ వద్దంటలేదు ఆమె. పిల్ల మెడల తాయెత్తు కత్తెరతోని తెంపబోయిన్రు, గందుకు భయపడ్డది. అది కట్టిన పెద్దమనిషితోని ఫోన్‌ల మాట్లాడిపిస్త. జర ఆగున్రి."

"బయట ఎంతమంది ఎదురుచూస్తున్నారో తెలుసా అమ్మా?"

"ఎరుకే సార్. పిల్ల బతకాలనే కద మీరు సుత చూస్తున్నది."

డాక్టరు గారు ఆగారు. అవతల గూడెంలో ఆ పెద్దాయన మొక్కు చెప్పాడు. ఇవతల తల్లి తన చేత్తోనే తాయెత్తు విప్పి కొంగున ముడేసుకుంది. ఆ పాప ఇప్పుడు బడికి పోతోంది. నాటి నుంచి ఆదివాసీ రోగి వస్తే ఆ డాక్టరు గారు ముందుగా లచ్చుబాయి గారికే ఫోన్ చేసేవారు.

కానీ ఎంతమందికని ఒక్క మనిషి పరుగెత్తగలదు? గోండి, కొలామి, కోయ తెలిసినవారిని ఆసుపత్రిలోనే నియమించమని ఆమె ఏళ్ల తరబడి తిరిగారు. చివరికి ఒక గదికి 'గిరిజన సహాయ కేంద్రం' అని బోర్డు పెట్టి, రిబ్బన్ కత్తిరించి, ఆ భాషల్లో ఒక్కటీ రాని యువకుణ్ణి కూర్చోబెట్టారు. మేమిద్దరం ఆ నియామకాలు చూసే అధికారి దగ్గరకు వెళ్లాం.

"గా పిలగాడు మంచోడే సార్. కానీ మావోళ్లతోని ఏం మాట్లాడ్తడు?"

"అడ్జస్ట్ అవ్వాలమ్మా. వాళ్లు కూడా నాలుగు ముక్కలు తెలుగు నేర్చుకోవచ్చు కదా."

"నొప్పితోని గిలగిల కొట్టుకుంట నేర్చుకోవాల్నా సార్?"

ఆయన నవ్వి, ఆమె సేవను మెచ్చుకుని పంపేశారు. తిరుగు ప్రయాణంలో ఆటోలో ఆమె కళ్లు తుడుచుకున్నారు. "అందరు మెచ్చుకునేటోళ్లే చెల్లె. లచ్చుబాయి ఉన్నది కద అని నిమ్మళంగ ఉన్నరు. నేను పోతే ఎట్ల?" అన్నారు.

సోమాజిగూడలో సంస్మరణ సభ జరిగింది. అదే అధికారి మైకు ముందు గద్గద స్వరంతో "అమాయక గిరిజనులకు ఆమె అమ్మ" అన్నారు. నేను లేచాను.

"అమాయకులంటే ఆవిడకి గిట్టదండీ. 'మావోళ్లకు అన్నీ ఎరుకే, మీకే మా మాట ఎరుక లేదు' అనేవారు. ఇంతకీ ఆవిడ అడిగిన నియామకాల సంగతి ఏంటండీ?"

"ఇది సందర్భం కాదమ్మా" అన్నారాయన. సభలో చాలామంది నన్నే తప్పుపట్టినట్టు చూశారు. తర్వాత ఆమె చిత్రపటానికి పూలదండలు వేశారు.

మర్నాడు వార్డుకు వెళ్లాను. మంచం మీద ఒక ముసలామె మూలుగుతోంది. పక్కన ఆమె భర్త నిలబడి దారివైపు చూస్తున్నాడు. చేతులు జోడించి, గోండుల పలకరింపుగా నాకు తెలిసిన ఒకే ఒక్క మాట, "రామ్ రామ్" అన్నాను. అతని ముఖం వికసించింది. నా చెయ్యి పట్టుకుని, భార్య కడుపు చూపిస్తూ, ఆత్రంగా ఏదో చెప్పుకుపోయాడు. చెప్పడం ముగించి జవాబు కోసం నా ముఖంలోకి చూశాడు.

లచ్చుబాయి గారూ, మీ పుణ్యస్మృతికి శిరసు వంచి నమస్కరిస్తున్నాను. ఆయన ఏమడిగాడో నాకు ఇప్పటికీ తెలియదు.