ఫోన్‌లో చెప్పిన సలహా

చిత్తూరు కోర్టు వెనక వీధిలో, జిరాక్స్ షాపు మేడ మీద మాకు రెండు గదుల ఆఫీసు ఉంది. పరాయి దేశం నుంచి ప్రాణభయంతో వచ్చి, చేతిలో సరైన కాగితం లేక చిక్కుల్లో పడేవాళ్ల కేసులు ఉచితంగా చూస్తాం. జీతం తీసుకునే వకీలును నేనొక్కదాన్నే. తిరుపతి, చిత్తూరు కోర్టుల్లోని కుర్ర వకీళ్లు శనివారాలు వచ్చి పైసా తీసుకోకుండా పని చేస్తారు. వాళ్లకు పని నేర్పడం, తప్పు చేస్తే చీవాట్లు పెట్టడం నా ఉద్యోగం. రెండోది బాగా చేస్తానని తోటి వకీళ్లలో పేరుంది.

ఇలాంటి ఆఫీసు ఈ ఊళ్లో ఎందుకని మా బంధువులు ఇప్పటికీ అడుగుతుంటారు. తమిళనాడు పక్కనే కదా. శ్రీలంకలో యుద్ధం జరిగినప్పుడు పడవల్లో వచ్చి అక్కడి క్యాంపుల్లో తలదాచుకున్నవాళ్లలో కొందరు కూలి కోసం ఇటు దాటుతారు. నగరిలో మరమగ్గాల షెడ్లలో దారం చుట్టేవాళ్లలో అలాంటివాళ్లు నాకు నలుగురైదుగురు తెలుసు. మన చట్టంలో శరణార్థికి విడిగా చోటు లేదు. అనుమతి లేకుండా క్యాంపు దాటినవాళ్లు పోలీసుల దృష్టిలో విదేశీయులు, అంతే.

ఆ నలుగురైదుగురిలో ఒకామెకు నలభై దాటాయి. పన్నెండేళ్ల వయసులో తల్లి కొంగు పట్టుకుని పడవెక్కింది. పెళ్లి క్యాంపులోనే జరిగింది. భర్త తొమ్మిదేళ్ల కింద యూరప్ చేరుకుని, అక్కడ ఆశ్రయం సంపాదించి, భార్యను రప్పించుకోవడానికి దరఖాస్తు పెట్టాడు. ఆ కాగితాల కోసమే ఆమె మా మెట్లెక్కింది. ఆమె ఫైలు మొదటి పేజీలో ఎర్ర ఇంకుతో నేనే రాసుకున్నాను: భర్త దగ్గరకు వెళ్లాలి, ఆమె మీద ఏ కేసూ ఉండకూడదు.

తనతో పనిచేసే మనిషికి కాన్పయితే చూడ్డానికి ఆమె తిరుపతి ఆసుపత్రికి వెళ్లింది. తిరిగి వస్తుంటే రేణిగుంట స్టేషన్లో పోలీసులు గుర్తింపు కార్డు అడిగారు. క్యాంపు కార్డు చూపించింది. క్యాంపు దాటి రావడానికి అనుమతి ఏదమ్మా అంటే లేదని చెప్పింది. మర్నాడు తిరుపతి కోర్టులో హాజరుపరిచారు. మా తరఫున ఒక అమ్మాయిని పంపాను. కోటు వేసుకుని రెండేళ్లు కాలేదు, కానీ చురుకైన పిల్ల.

ఆ పూట నేను గూడూరులో ఉన్నాను. అక్కడి వకీళ్లకు మా పని గురించి పాఠం చెప్పడానికి పిలిచారు. "ముందు మనిషి కథంతా వినండి, ఆ తర్వాతే సెక్షన్ తెరవండి" అని బల్ల గుద్ది చెప్పాను. మధ్యలో విరామం ఇచ్చి అందరికీ నిమ్మరసం పోశారు. గ్లాసు చేతిలో ఉండగా ఫోన్ మోగింది.

"మేడమ్, నేరం ఒప్పుకుంటే ఈ పొద్దే ఫైనుతో అయిపోతాదంట. లేకుంటే రిమాండు అంటాండారు. ఏం జేద్దాం?"

"ఆమె ఏమంటాది?"

"ఏడస్తా ఉండాది మేడమ్. నగరికి పోవల్ల అంటాది."

"అయితే ఒప్పించెయ్ పాపా, దానికేముంది."

అర నిమిషం పట్టలేదు. ఈ ఆఫీసుకు రాకముందు ఇరవై ఏళ్లు పేకాట కేసుల్లో, లైసెన్సు లేని బండి కేసుల్లో నేను చేసిందే అది. జడ్జిగారు ఒప్పుకుంటావా అని అడుగుతారు, మనిషి తల ఊపుతాడు, ఫైను కట్టి మధ్యాహ్నం అన్నం వేళకు ఇంట్లో ఉంటాడు. మా దగ్గర అది వకీలు చేసే మేలు కింద లెక్క. ఎర్ర ఇంకుతో రాసుకున్న మాట నాకు గుర్తే రాలేదు. నిమ్మరసం తాగి లోపలికి వెళ్లి మిగిలిన పాఠం చెప్పాను. చివర్లో శాలువా కూడా కప్పారు.

తర్వాత, ఆమె వీసా దరఖాస్తుకు కావలసిన పోలీసు సర్టిఫికెట్ వచ్చింది. అందులో శిక్ష పడినట్టు రాసి ఉంది. భర్త ఉన్న దేశం వాళ్లు ఉత్తరం రాశారు: ఆరు నెలల్లో శిక్ష రద్దయినట్టు కోర్టు ఉత్తర్వు పంపండి, లేకపోతే దరఖాస్తు మూసేస్తాం. తన నోటితో ఒప్పుకున్న నేరానికి మామూలు అప్పీలు ఉండదు. హైకోర్టుకు వెళ్లి, వకీలు తప్పు సలహా ఇస్తే తెలియక ఒప్పుకున్నానని ఆమె ప్రమాణపత్రం మీద చెప్పుకోవాలి. అదొక్కటే దారి.

మా ఆఫీసును నడిపే కమిటీ కూర్చుని, ఈ సలహా ఎవరిదని అడిగింది. "ఆ రోజు కోర్టుకు పోయింది ఈ అమ్మాయి" అన్నాను. అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. ఫైలు ఒళ్లో పెట్టుకుని గోడ పక్కన కూర్చున్న ఆ పిల్ల తలెత్తి నన్ను ఒక్కసారి చూసింది. ఫోన్ సంగతి చెబుతుందేమోనని నేను ముందున్న కాగితాలు సర్దసాగాను. చెప్పలేదు. పై శనివారం నుంచి రావడం మానేసింది. ఏదో పని ఉండి ఉంటుందిలే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ప్రమాణపత్రం టైపు చేయించుకుని నగరి వెళ్లాను. షెడ్డులో మగ్గాల మోతకు మాట వినపడక ఆమె నన్ను బయట తువ్వాళ్లు ఆరేసిన చోటికి తీసుకుపోయింది. మాట్లాడే తెలుగు వచ్చినా కోర్టు భాష అర్థం కాదని ఆమెకు కాగితం తమిళంలో చదివి వినిపించాను. వకీలు పేరు వచ్చేసరికి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆ పాప పేరు ఎందుకు రాసినారు అక్కా?"

"సలహా ఎవురిచ్చినారో కోర్టుకు చెప్పల్ల గదమ్మా."

"ఆ పొద్దు నాకు ఇడ్లీ తెచ్చి పెట్టింది. నా ఫైను ఆ పాపే కట్టింది. ఆ బిడ్డ మింద నేను చాడీ రాసియ్యను."

"నువ్వు నీ ఇంటాయన దగ్గరికి పోవల్లంటే వేరే దోవ లేదు."

"పోకపోతే పోనీ. నేను పెట్టను."

నోటి దాకా వచ్చింది, ఆ పిల్ల కాదమ్మా, నేనే అని. బయటికి రాలేదు. కాగితం మడిచి సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. క్లయింటు సంతకానికి ఒప్పుకోవడం లేదని ఆఫీసు రిజిస్టరులో రాసి పెట్టాను. అది కూడా నిజమే.

అలా మూడు నెలలు గడిచాయి. ఒక రోజు ఆ అమ్మాయి తన దగ్గర మిగిలిన మా ఫైళ్లు ఇచ్చిపోవడానికి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మేడమ్, ఆమెతో నేను మాట్లాడతా. నా పేరే ఉండనీండి, ఆమె పని జరిగితే చాలు" అంది.

ఆ పిల్ల గొంతులో కోపం ఉన్నా తట్టుకునేదాన్నేమో. కమిటీలో నేనన్న మాటకు, దాచిన మాటకు అప్పుడే క్షమాపణ చెప్పుకున్నాను. ఫరవాలేదు మేడమ్ అని మెట్లు దిగిపోయింది. ఆ మధ్యాహ్నమే కమిటీ పెద్దకు ఫోన్ చేసి జరిగింది చెప్పేశాను. ప్రమాణపత్రం మళ్లీ టైపు చేయించాను, ఈసారి నా పేరుతో.

మర్నాడు నగరిలో అదే తువ్వాళ్ల మధ్య నిలబడి, ఆ రోజు ఫోన్‌లో ఒప్పించమన్నది నేనని ఆమెకు చెప్పాను. కాగితం అందుకుని, గోడకు ఆనించి, నెమ్మదిగా సంతకం చేసింది.

హైకోర్టులో మాకు సాయం చేసే వకీలు గట్టిగానే వాదించాడు. శిక్ష రద్దయింది. ఉత్తర్వు చేతికి వచ్చిన రోజే పంపించాం. గడువు దాటాక అందింది, దరఖాస్తు మూసేశాం, కావాలంటే మళ్లీ మొదటి నుంచి పెట్టుకోండి అని జవాబొచ్చింది. ఆ మొదటి నుంచి అంటే ఎన్నేళ్లో వాళ్లూ చెప్పలేదు, నేనూ చెప్పలేను.

ఆ ఉత్తరం పట్టుకుని మళ్లీ నగరి వెళ్లాను. మొత్తం విని ఆమె ఒకటే అడిగింది.

"ఎన్ని దినాలు ఆలస్యమయిందక్కా?"

"పంతొమ్మిది దినాలమ్మా."

ఆమె వేళ్లు మడిచి ఏదో లెక్క చూసుకుంది.

"మొదుట వచ్చినారే, ఆ పొద్దే మీరని చెప్పింటే నేను ఆ పొద్దే సంతకం పెట్టుంటాను గదక్కా. ఎందుకు చెప్పలేదు?"

దెప్పిపొడవడానికి అడగలేదు, తెలుసుకోవాలనే అడిగింది.

"భయపడినానమ్మా" అన్నాను. "కోర్టులో నా పేరు పోతాదని భయపడినాను."

అంతేనా అన్నట్టు చూసింది. అంతే.