తోక మీద గీతలు

గనుల ఊరు కిరండూల్‌లో మా కంపెనీ క్వార్టర్‌కి ఎవరొచ్చినా మా ఆయన ముందు షోకేసులోని బొమ్మ విమానం దగ్గరికి లాక్కెళ్తాడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఒక జర్మన్ పైలట్ నడిపిన విమానానికి నమూనా అది. అతను ఇంగ్లండ్ మీద మొదలుపెట్టి రష్యా మంచు దాకా ఎలా వేటాడాడో, ఎన్ని పతకాలు కొట్టాడో కాఫీ చల్లారేదాకా చెబుతాడు. నాజీల కోసం ఎగిరాడన్న మాట మాత్రం ఎత్తడు. కూల్చిన విమానానికొకటి చొప్పున తోక నిండా తెల్ల గీతలు. ముగ్గులేసే చెయ్యి కదా అని అవి నాచేతే గీయించాడు. వేళ్ళు లాగేస్తున్నా ఒక్కటీ వంకర పోకుండా గీశాను.

మొన్న మా ఇంట్లో పనిచేసే బీజాపూర్ వైపు అడవి పల్లె ఆవిడ షోకేసు తుడుస్తూ ఆగింది.

"ఈ గీతలేంది దీదీ?"

"ఆ పైలట్ చంపినవాళ్ళవి," అన్నాను.

వాళ్ళ ఊళ్ళో పోయినవాళ్ళ గుర్తుగా రాళ్ళు నిలబెడతారు.

"మంచోడే. తాను సంపినోళ్ళను మర్సిపోలే," అంది. వంటింట్లోంచి చిటికెడు బియ్యం తెచ్చి, తోక దగ్గర పోసి దండం పెట్టింది.

అవి గొప్ప కోసం గీసుకున్నవని చెప్పకుండా, గింజల్ని అలాగే ఉంచి షోకేసు తలుపు మూశాను.

సాయంత్రం మా ఆయన ఆ గింజలు చూసి మండిపడ్డాడు. "చీమలు పడితే పెయింట్ ఏమవుతుంది?" అని గుడ్డ నా మీదికి విసిరాడు.

ఛీ, తుడిచింది కూడా నేనే.