డునెడిన్ జైలు నుంచి బాబాయితో తిరుగు ప్రయాణం

కోవిడ్ రోజుల్లో జైల్లో ఉన్న బాబాయిని తెచ్చుకోవడానికి ఆక్లండ్ శివారు పాపటోయిటోయి నుంచి దక్షిణాన దూరంగా ఉన్న డునెడిన్ బయలుదేరాను. ఆయన వ్యాన్ నడుపుతూ నిద్రపోవడం వల్ల ఒక కుర్రవాడు చనిపోయాడు. అందుకు శిక్ష పడింది. లోపల ఉండగానే ఊపిరితిత్తుల క్యాన్సర్ బయటపడింది. కోవిడ్ సోకితే బతకడని, అర్జీ పెడితే దయతలచి ముందుగా వదిలేస్తామన్నారు అధికారులు.

దయకు ఒక ఇంటి అడ్రసు కావాలి. మా చర్చిలో అందరూ ఆయన కోసం కన్నీళ్లతో ప్రార్థించారు. గది ఇస్తామని మాత్రం ఎవరి నోటా రాలేదు. చివరికి మా ఫ్లాట్ హాలునే చూపించాను. చలికాలంలో పెట్టిన అర్జీ ఎండాకాలంలో తేలింది. క్యాన్సర్‌కున్న తొందర దయకు ఉండదు.

ఉదయం ఏడు గంటల విమానం. పక్క సీటులో ఆక్లండ్‌లోనే బోటనీ డౌన్స్ పేటలో ఉండే ఒక తెలుగు ఆంటీ. డునెడిన్‌లో చదివే కూతురికి ఆవకాయ తీసుకెళ్తోంది.

"నువ్వెవరి కోసమమ్మా?"

"మా బాబాయి కోసం ఆంటీ."

"హాస్పిటల్లో చేస్తారా?"

"కాదు, జైల్లో ఉన్నారు."

ఆవిడ మాస్కు మీద ఇంకో మాస్కు పెట్టుకుంది. నేరం కూడా గాలి ద్వారా సోకుతుందని నాకు అప్పటిదాకా తెలియదు.

అద్దె కారులో పదిన్నరకు జైలు చేరాను. మీలో ఎవరికైనా ఆ దారి పడితే ముందే ఏమైనా తిని వెళ్లండి. అక్కడ కాఫీ మెషీన్ ఉంది, చూడ్డానికి. బాబాయి బయటికి రావడానికి మధ్యాహ్నమైంది. ఆరడుగుల మనిషి వీల్‌చైర్‌లో ఒదిగిపోయి, ఒళ్లో ప్లాస్టిక్ సంచితో వచ్చాడు.

"ఆక్లండ్‌లో జాగ్రత్త. అక్కడ కోవిడ్ బాగా ఉందట. ఇక్కడ మాకు ఒక్క కేసూ లేదు" అన్నాడు కుర్చీ తోసుకొచ్చిన ఆఫీసర్, మంచి మనసుతోనే.

"విన్నావామ్మా? కోవిడ్ నుంచి కాపాడ్డానికి కోవిడ్ ఉన్న ఊరికి పంపిస్తన్నారు" అన్నాడు బాబాయి.

ఎయిర్‌పోర్టు దారిలో చేపలు, చిప్స్ కొన్నాను. బాబాయి ఒక ముక్క కొరికి పక్కన పెట్టి, విడుదల షరతులు చదవమన్నాడు. కారు నడపకూడదు. చెప్పకుండా ఇల్లు మారకూడదు. కొత్త ఉద్యోగంలో చేరాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి.

"నువ్వు పనిచేసే వేర్‌హౌస్‌లో ఏదన్నా చూడమ్మా, కూర్చుని చేసే పని" అన్నాడు కారు మళ్లీ కదిలాక. నవ్వబోయి దగ్గాడు. ఆ దగ్గు ఆగేదాకా కారు పక్కకు ఆపాల్సి వచ్చింది.

సాయంత్రం విమానంలో కిటికీ సీటు ఆయనకిచ్చాను. కింద మంచుకొండలు. ఆయన చూడలేదు.

"ఆ పిల్లాడి అమ్మకి చెప్పారా, నన్ను వదిలేస్తన్నారని?"

"ముందే చెప్పారంట బాబాయ్. అభ్యంతరం ఉందా అని కూడా అడిగారంట. మన లాయరు చెప్పాడు."

"ఏమందంట?"

"ఇంటికెళ్లనివ్వండి అందంట."

దయ అనే మాట ఈ ప్రయాణంలో చాలా కాగితాల మీద చదివాను. నిజంగా దయ చూపించిన ఆ తల్లిని మాత్రం నేను ఎన్నడూ చూడలేదు. బాబాయి మాస్కును కళ్ల మీదికి లాక్కున్నాడు. ఆక్లండ్‌లో దిగేదాకా కిందికి దించలేదు.